ఉబ్బస రోగుల దూరపర్యవేక్షణలో డిజిటల్ సాధనాలు: కోనసీమ తీరం

ఉబ్బస రోగి ఇంట్లోనో పనిచోటనో ఉండగా ఊపిరి తీరు, మందుల వాడకం, లక్షణాల హెచ్చుతగ్గులు పరికరాల ద్వారా గానీ ఫోను ద్వారా గానీ నమోదై, ఆ వివరాలను వైద్యుడో ఆరోగ్య కార్యకర్తో దూరం నుంచి పరిశీలించి అవసరమైనప్పుడు చికిత్సను సవరించే విధానాన్ని దూరపర్యవేక్షణ అంటారు. కొలవడం, కొలిచినదాన్ని చేరవేయడం, చేరినదానికి స్పందించడం అనే మూడు పనులు కలిస్తేనే ఇది పూర్తవుతుంది. మొదటి రెండింటికీ పరికరాలు చాలానే వచ్చాయి గానీ, ఈ విధానం నిలిచేదీ కూలేదీ మూడోదాని మీదే. అందుకే పరికరాల గుణగణాలతో పాటు అవి ఏ ఊళ్లో, ఎవరి చేతిలో, ఏ ఆరోగ్య కేంద్రానికి అనుబంధంగా పనిచేస్తాయన్నది కూడా చూడవలసి ఉంటుంది. గోదావరి వృద్ధగౌతమి పాయ సముద్రాన్ని చేరే ప్రాంతంలో ఉన్న కాట్రేనికోన మండలం అటువంటి పరిశీలనకు తగిన చోటు.

ఉబ్బసం శ్వాసనాళాల లోపలి పొరలో దీర్ఘకాలంగా ఉండే వాపు వల్ల వచ్చే జబ్బు. దుమ్ము, పొగ, పుప్పొడి, బూజు, చల్లగాలి, జలుబు వంటి ప్రేరకాలు తగిలినప్పుడు నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, లోపల జిగట శ్లేష్మం చేరి, గాలి బయటికి పోయే దారి ఇరుకై పిల్లికూతలు, ఆయాసం, దగ్గు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 26.2 కోట్ల మంది ఈ జబ్బుతో ఉండగా 4,55,000 మంది మరణించారు. అదే ఏడాది ప్రపంచ వ్యాధిభార అంచనాల్లో భారతదేశపు రోగుల సంఖ్య సుమారు 3.4 కోట్లు, అంటే ప్రపంచ రోగుల్లో 13 శాతం ఇక్కడ ఉండగా, మరణాల్లో మాత్రం 42 శాతానికి పైగా ఇక్కడివే. ఈ తేడాకు జబ్బు తీవ్రత ఒక్కటే కారణమని చెప్పలేం. రోగాన్ని ఆలస్యంగా గుర్తించడం, రోజూ వాడవలసిన మందు అందకపోవడం, అందినా వాడకపోవడం దీని వెనుక ఉన్నాయి.

ఉబ్బసం మందులు రెండు రకాలు. బిగిసిన కండరాన్ని నిమిషాల్లో సడలించే సాల్బుటమాల్ వంటివి ఉపశమన మందులు. వాపునే తగ్గించే బుడెసొనైడ్ వంటి పీల్చే స్టెరాయిడ్లు నివారణ మందులు. ఉపశమన మందు వెంటనే హాయినిస్తుంది కాబట్టి రోగికి దాని మీద నమ్మకం కుదురుతుంది. నివారణ మందు ఫలితం వారాల మీద గానీ తెలియదు కాబట్టి కాస్త నెమ్మదించగానే మానేస్తారు. ఇన్‌హేలరు అలవాటైతే ఇక మానలేమన్న భయం పల్లెల్లో ఇప్పటికీ బలంగా ఉంది. 1993లో ఏర్పడిన ప్రపంచ ఉబ్బస కార్యక్రమం గినా, ఒక్క ఉపశమన మందుతోనే చికిత్స సాగించడం ప్రమాదకరమని 2019లో తేల్చి, పెద్దలకు, కౌమార వయస్కులకు ఆ పద్ధతిని సిఫారసు చేయడం మానుకుంది. రోగి ఏ మందును ఎన్నిసార్లు వాడుతున్నాడన్నది దూరపర్యవేక్షణలో అత్యంత విలువైన సమాచారం కావడానికి కారణం ఇదే.

కొలమానాలు, పరికరాలు

ఈ జబ్బు స్వభావమే రోజులో మారుతూ ఉండడం. ఊపిరితిత్తుల సామర్థ్యం సాధారణంగా వేకువన నాలుగు గంటల ప్రాంతంలో కనిష్ఠానికి దిగుతుంది, మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. పగలు పదకొండు గంటలకు ఆసుపత్రిలో పరీక్షించిన వైద్యుడికి రోగి ఛాతీ శుభ్రంగానే వినిపించవచ్చు; అదే రోగి తెల్లవారుజామున లేచి కూర్చుని గాలి కోసం కిటికీ తెరిచి ఉండవచ్చు. రెండు ఆసుపత్రి రాకపోకల మధ్య గడిచే ఆ రోజులను, రాత్రులను లెక్కలోకి తేవడమే దూరపర్యవేక్షణ ప్రయోజనం.

ఇందుకు అన్నిటికన్నా పాతది, చవకైనది పీక్ ఫ్లో మీటరు. వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బులను పరిశోధించిన సంస్థలో పనిచేసిన బేసిల్ మార్టిన్ రైట్ దీని తొలి రూపాన్ని 1950లలో తయారుచేశాడు. చేతిలో ఇమిడే చిన్న రూపం 1970లలో వచ్చింది. నిండుగా గాలి పీల్చి ఒక్క ఊపున వదిలితే, గాలి ఎంత వేగంతో బయటికి వచ్చిందో నిమిషానికి ఇన్ని లీటర్లని సూచిక చూపుతుంది. ఒక రోగి బాగున్న రోజుల్లో అందుకున్న అత్యధిక అంకె 400 అనుకుంటే, 320కి పైన ఉన్నంతకాలం ఆకుపచ్చ మండలం, 320 నుంచి 200 వరకు పసుపు మండలం, 200 కన్నా తగ్గితే ఎరుపు మండలం. ఉదయం 320, సాయంత్రం 400 వచ్చిన రోజున రెండింటి తేడా 80. వాటి సగటు 360. కాబట్టి ఆ రోజు హెచ్చుతగ్గు 22 శాతం. పెద్దవారిలో రోజువారీ హెచ్చుతగ్గు సగటున 10 శాతం మించితే ఊపిరి తీరు అతిగా మారుతోందనీ, ఉబ్బసాన్ని అనుమానించాలనీ, అప్పటికే రోగం ఉన్నవారిలో అయితే అది అదుపులో లేదనీ అర్థం చేసుకోవాలి. ఇంతటి లెక్కను రోగి చేత కాగితం మీద చేయించడం కష్టం; రెండు అంకెలు నొక్కితే ఫోను క్షణంలో చేసి, పక్షం రోజుల గీతగా చూపుతుంది. పరికరం పాతదే అయినా డిజిటల్ సాయం సార్థకమయ్యేది ఇక్కడే.

లక్షణాలను కొలవడానికి 2004లో వెలువడిన ఉబ్బస నియంత్రణ పరీక్ష ఉంది. గడిచిన నాలుగు వారాల్లో పనికి ఎంత ఆటంకం కలిగింది, ఆయాసం ఎన్నిసార్లు వచ్చింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఉపశమన మందు ఎంత వాడారు, జబ్బు ఎంత అదుపులో ఉందనిపిస్తోంది అనే ఐదు ప్రశ్నలకు 25 మార్కులు. 20 లేదా అంతకు మించితే అదుపులో ఉన్నట్టు, 19 లేదా అంతకు తగ్గితే లేనట్టు. చదువు రానివారిని ఫోనులో అడిగి కూడా నింపవచ్చు కాబట్టి గ్రామాల్లో దీనికి మించిన సాధనం లేదు.

ఇన్‌హేలరుకు తొడిగే సంవేదక పరికరాలు మందు పీల్చిన సమయాన్ని, కొన్ని రకాల్లో చోటును కూడా, బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతాయి. అమెరికాలో ప్రొపెల్లర్ హెల్త్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన అధీరియం ఈ రంగంలో ముందున్నవి. సంవేదకం లోపలే అమర్చిన టెవా సంస్థ ఇన్‌హేలరుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఉపశమన మందు వాడకం రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పెరిగితే అది రాబోయే తీవ్రమైన ఆయాసానికి ముందస్తు గుర్తు అవుతుంది. ఈ పరికరాలు ఆ గుర్తును పట్టుకుంటాయి. అయితే వీటి ఖరీదు కోనసీమ కూలి కుటుంబాలకు అందేది కాదు. ఇన్‌హేలరు మీదుండే డోసుల లెక్కింపు గడిని వారానికోసారి ఫొటో తీసి పంపినా చాలావరకు ఇదే సమాచారం దొరుకుతుంది.

కరోనా కాలంలో ఇంటింటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఉబ్బసంలో రక్తంలోని ఆక్సిజన్ చాలా ఆలస్యంగా తగ్గుతుంది; రోగి రొప్పుతూ ఉన్నా తెరమీద 96, 97 కనిపించవచ్చు. అంకె బాగుందని ఆగిపోవడం ప్రాణాంతకం కాగలదు.

దగ్గు శబ్దాన్ని విని ఊపిరితిత్తుల స్థితిని అంచనా వేసే కృత్రిమ మేధ సాధనాల్లో తెలుగు నేల మీద పుట్టినది ఒకటి ఉంది. హైదరాబాద్‌లోని సాల్సిట్ టెక్నాలజీస్ తయారుచేసిన 'శ్వాస' సెల్‌ఫోను మైకు ముందు దగ్గిన శబ్దాన్ని విశ్లేషిస్తుంది. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో దీనిపై పరీక్షలు జరిగాయి. శబ్దాల నుంచి ఆరోగ్య సంకేతాలను గ్రహించే తన నమూనాను ఈ సంస్థ వాడుతోందని గూగుల్ 2024 ఆగస్టులో ప్రకటించింది. 'శ్వాస' ప్రధానంగా రోగులను వడపోసే సాధనమే గానీ రోజువారీ పర్యవేక్షణకు ఉద్దేశించింది కాదు.

తెలుగు నేలలో దూరవైద్యం

గ్రామీణ దూరవైద్యానికి దేశంలో తొలి అడుగుల్లో ఒకటి చిత్తూరు జిల్లా అరగొండలో పడింది. అపోలో సంస్థ అక్కడ ఏర్పాటుచేసిన కేంద్రం 2000 మార్చిలో ఉపగ్రహ సంధానంతో మొదలైంది. 108 అత్యవసర సేవ 2005 ఆగస్టు 15న, 104 ఆరోగ్య సలహా సేవ 2007లో హైదరాబాద్ కేంద్రంగా వచ్చాయి. మొహాలీలోని సీ-డాక్ రూపొందించిన ఈ-సంజీవని వేదికను 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల స్థాయిలో మొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. గ్రామ కేంద్రంలోని సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, దూరాన ఉన్న వైద్యుడితో వీడియోలో మాట్లాడించడం దీని పద్ధతి. 2023 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా సంప్రదింపులు 10 కోట్లు దాటినప్పుడు అందులో 3.17 కోట్లు ఆంధ్రప్రదేశ్‌వే. 2020 ఏప్రిల్‌లో ఫోను ద్వారా వైద్య సలహా కోసం 14410 నంబరు వచ్చింది. 2023 ఏప్రిల్ 6న లాంఛనంగా ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టరు విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు 104 వాహనంతో ప్రతి గ్రామానికీ నెలకు రెండుసార్లు వెళ్ళాలని నిర్దేశించారు.

చట్టపరమైన వెసులుబాటు 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకాలతో వచ్చింది. మధుమేహం, రక్తపోటులతో పాటు ఉబ్బసానికి కూడా, ముందే రాసిన ఇన్‌హేలరును దూరసంప్రదింపులో మళ్ళీ కొనసాగించవచ్చని అవి ఉదాహరణగానే పేర్కొన్నాయి. ఈ సంప్రదింపులు జరిగిన ప్రతిసారీ రోగి కొలతలు వైద్యుడి ముందు ఉంటే అవి దూరపర్యవేక్షణ అవుతాయి. లేకపోతే ఫోనులో జరిగిన మరో ఆసుపత్రి సందర్శన మాత్రమే.

ఉబ్బసం విషయంలో తెలుగువారు దూరాన్ని లెక్కచేయరనడానికి హైదరాబాద్ చేప ప్రసాదమే సాక్ష్యం. మృగశిర కార్తె ప్రవేశించే రోజున బత్తిని వంశస్థులు కొర్రమీను పిల్ల నోట మందు పెట్టి మింగించే ఈ ఆచారం 1845 నుంచి సాగుతోందని ఆ కుటుంబం చెబుతుంది. ఏటా వేలాదిమంది నాంపల్లి మైదానంలో గంటల తరబడి వరుసలో నిలబడతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. అయినా అక్కడికి వెళ్ళేవారి ఆర్తి నిజమైనది. అంత శ్రద్ధను రోజూ ఉదయం సాయంత్రం రెండు నిమిషాల కొలతకు మళ్ళించగలిగితే ఎన్నో ప్రాణాలు నిలబడతాయి.

కాట్రేనికోన మండలం

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో సముద్రానికి ఆనుకుని ఉన్న మండలాల్లో కాట్రేనికోన ఒకటి. కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు, మడ అడవులు, పల్లం, చిర్రయానాం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు ఇక్కడి రూపురేఖలు. మగసానితిప్ప వంటి చోటికి పడవ మీదే చేరాలి. నిపుణుల వైద్యం కావాలంటే అమలాపురం వెళ్ళాలి, లేదా ఎదుర్లంక వారధి మీదుగా యానాం దాటి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలి. చేపల వేటకు వెళ్ళేవాడికైనా చెరువు కూలికైనా అది ఒక రోజు సంపాదన పోగొట్టుకునే ప్రయాణం; కొలతలు ముందుగా చేరి ఉంటే ఆ ప్రయాణాల్లో కొన్ని తప్పుతాయి, తప్పించకూడనివి ఏవో తేలుతుంది.

ఇక్కడి ప్రేరకాలు నగరపు ప్రేరకాలు కావు. ఎండుకొబ్బరి మట్టలు, డొక్కలు, కమ్మలు పొయ్యిలో మండేటప్పుడు వచ్చే పొగ వంటింట్లోనే సుడి తిరుగుతుంది. కొబ్బరి పీచు తీసేచోట సన్నని పొట్టు గాల్లో తేలుతుంది. నూర్పిడి రోజుల్లో ధూళి, వానాకాలమంతా చెమ్మగోడల బూజు, మార్గశిర పుష్యాల మంచు వేకువలు, రాత్రంతా వెలిగే దోమల చుట్టల పొగ వీటికి తోడు. వేటగాళ్ళు పడవ నీటిలోకి దించే వేళ ఊపిరి బలం కనిష్ఠంగా ఉండే వేకువ వేళే కావడం మత్స్యకార రోగుల విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. చాలా యాప్‌లు చూపే వాయునాణ్యత సూచీ దూరాన పట్టణాల్లో ఉన్న కేంద్రాల కొలతలను, ఉపగ్రహ అంచనాలను బట్టి లెక్కగట్టినది. పల్లం గ్రామంలో ఒక వంటింటి గాలిని గురించి అది ఏమీ చెప్పలేదు. అందుచేత ఇక్కడ వాడే ఏ పర్యవేక్షణ పత్రంలోనైనా ఏ పొయ్యి, ఏ పని, ఏ కాలం అన్న ప్రశ్నలు ఉండి తీరాలి.

రొయ్యల పని సంగతి విడిగా చెప్పుకోవాలి. రొయ్యలను ఒలిచేటప్పుడు, ఉడికించేటప్పుడు గాలిలోకి లేచే సూక్ష్మ తుంపరల్లో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి ఉంటుంది. అది కొందరిలో వృత్తిజన్య ఉబ్బసాన్ని కలిగిస్తుందని పలు దేశాల్లో రొయ్య, పీత శుద్ధి కర్మాగారాల కార్మికులపై జరిగిన పరిశోధనలు చూపాయి. ఆయాసం పని వల్లనేనా అన్నది తేల్చే పద్ధతి చాలా సులభం: మెలకువగా ఉన్నంతసేపూ రోజుకు నాలుగుసార్లకు తక్కువ కాకుండా, పని ఉన్న రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ, మూడు నాలుగు వారాలపాటు పీక్ ఫ్లో ఊది రాసుకోవాలి. సెలవు రోజుల్లో అంకె లేచి, పనిరోజుల్లో పడిపోతూ ఉంటే కారణం పనిచోటే ఉన్నట్టు. ఒలుపు పనికి వెళ్ళే స్త్రీలు అన్నిసార్లు కాగితం మీద రాయడం జరిగేది కాదు. వేళ అయిందని గుర్తుచేసి, చెప్పిన అంకెను సమయంతో సహా దాచుకునే ఫోను ఇక్కడ నిజంగా అక్కరకు వస్తుంది.

గ్రామస్థాయిలో రోగులను గుర్తించే యంత్రాంగం ఇప్పటికే ఉంది. ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపే సీబ్యాక్ పత్రంలో ఆయాసం గురించిన ప్రశ్నతో పాటు, వంటకు వాడే ఇంధనం ఏమిటి, పొగ, దుమ్ము, పంటవ్యర్థాల మంటల దగ్గర పని చేస్తారా అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి. అయితే ఆ పత్రం ముప్పై ఏళ్ళు దాటినవారికి ఉద్దేశించింది. ఉబ్బసం ఎక్కువగా మొదలయ్యేది బాల్యంలో. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల్లో ఈ తరహా శ్వాసనాళ జబ్బును వెతుకుతుంది. ఈ రెండు నమోదుల నడుమ పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ళ వరకు పెద్ద ఖాళీ ఉంది. సముద్రం మీదికి, చెరువుల మీదికి, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే వయసు అదే.

గల్ఫ్ వలస కోనసీమలో దూరపర్యవేక్షణకు తెలియకుండానే ఒక రూపం ఇచ్చింది. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళిన కూతుళ్ళు రాత్రిపూట వీడియో కాల్‌లో తల్లి మాటలోని రొప్పును విని, మందు వేసుకున్నావా అమ్మా అని అడగడం ఇక్కడి కుటుంబాల్లో మామూలు. ఒక వాక్యం పూర్తి చేయడానికి రోగి మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నాడన్నది వైద్యులు కూడా తీవ్రతకు గుర్తుగా తీసుకుంటారు. ఈ బంధువులను పర్యవేక్షణలో లాంఛనంగా చేర్చుకుని, ఏ గుర్తులు చూడాలో నేర్పడం ఖర్చులేని పని.

తుపాను ఈ తీరానికి ఎప్పుడూ పొంచి ఉన్న ముప్పు. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2020 ఫిబ్రవరిలో ఇదే మండలం ఉప్పూడిలో బావి నుంచి సహజవాయువు ఎగజిమ్మినప్పుడు చుట్టుపక్కల ప్రజలను ఖాళీ చేయించారు. ఇటువంటి వేళల్లో కరెంటు, ఫోను సంకేతాలు ముందుగా పోతాయి. బ్యాటరీ అక్కర్లేని పీక్ ఫ్లో మీటరు, అట్ట మీద రాసిన మూడు రంగుల చికిత్స ప్రణాళిక అప్పుడు కూడా పనిచేస్తాయి. ఉబ్బస రోగుల జాబితా ముందే ఉంటే పునరావాస కేంద్రాలకు ఎన్ని ఇన్‌హేలర్లు పంపాలో ఆరోగ్య సిబ్బందికి తెలుస్తుంది.

పరిశోధనలు చెప్పేది

ఫలితాలు ఏకరీతిగా లేవు, ఆ సంగతి దాచకూడదు. బ్రిటన్‌లో 32 వైద్యశాలల పరిధిలోని 288 మంది రోగులతో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, మొబైల్ ఫోను ద్వారా కొలతలు పంపినవారికీ కాగితం మీద రాసుకున్నవారికీ ఆరు నెలల తర్వాత జబ్బు అదుపులో తేడా కనిపించలేదు. ఫోను పద్ధతికి ఖర్చు మాత్రం ఎక్కువైంది. ఆ రెండు వర్గాలకూ మంచి వైద్యం, నర్సుల సలహా ముందే అందుతున్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. న్యూజిలాండ్‌లో 220 మంది పిల్లలపై జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలో, మందు వేళకు మోగే పరికరం అమర్చిన ఇన్‌హేలరు వాడిన పిల్లలు తమ మోతాదుల్లో 84 శాతం తీసుకోగా, మోగనివి వాడిన పిల్లలు 30 శాతమే తీసుకున్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే అంకెలు పంపించడం కన్నా మందు వేళకు పడేలా చూడడమే ఎక్కువ మేలు చేస్తున్నదని తోస్తుంది.

దీన్నిబట్టి కాట్రేనికోన వంటి చోట ప్రాధాన్యక్రమం స్పష్టమే. బుడెసొనైడ్, కండరాన్ని సడలించే ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలరు 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. అది గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ నిల్వ ఉండాలి. మందు లేని చోట హెచ్చరిక పంపే యాప్ వల్ల రోగికి దిగులు తప్ప మిగిలేది లేదు. దాని తర్వాత పీక్ ఫ్లో మీటరు, మందు వృథాపోకుండా లోపలికి చేర్చే స్పేసరు గొట్టం, నెలకోసారి ఐదు ప్రశ్నల ఫోను, పసుపు మండలంలోకి దిగిన రోగికి అదే రోజు తిరిగి ఫోను చేసే బాధ్యత గల ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పేరు, పనివేళలు రోగికి ముందే తెలియాలి. సంవేదకాలు, కృత్రిమ మేధ ఆ తర్వాతి సంగతి.

గోప్యత

ఊళ్లో ఉబ్బసాన్ని, ముఖ్యంగా పెళ్ళికావలసిన ఆడపిల్లల్లో, దాచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోను ఉండి అది కొడుకు చేతిలో ఉన్నప్పుడు, కోడలి కొలతలు ఎవరి కంట పడతాయన్నది చిన్న ప్రశ్న కాదు. 2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్యతో రికార్డులు జోడించేటప్పుడు రోగి సమ్మతి తప్పనిసరి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును కూడా ఇచ్చింది. సమ్మతి అడిగే మాటలు రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. వాట్సాప్ గుంపుల్లో రోగుల పేర్లతో కొలతలు పంచుకునే అలవాటు మానాలి.

అత్యవసర పరిస్థితి

దూరపర్యవేక్షణ అత్యవసర వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. ఉపశమన మందు వాడినా ఆయాసం తగ్గకపోవడం, ఒక్క వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, పీక్ ఫ్లో సగానికి పడిపోవడం ప్రమాద సూచనలు. అంతవరకు వినిపించిన పిల్లికూత, రోగి ఇంకా రొప్పుతూ ఉండగానే ఆగిపోతే నాళాల్లో గాలి కదలడం లేదని అర్థం; దాన్ని నెమ్మదించినట్టుగా పొరబడకూడదు. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా యాప్‌లో నమోదు కోసం గానీ, వీడియోలో వైద్యుడి కోసం గానీ ఆగకుండా, రోగిని నిటారుగా కూర్చోబెట్టి, ఉపశమన మందును స్పేసరు ద్వారా ఇస్తూనే 108కి ఫోను చేయాలి.